ఉలవచారులో ఎద్దు వాటా

ఉలవచారు పేరు వినగానే ఈనాడు చాలామందికి కృష్ణా, గుంటూరు సీమల పెళ్ళిభోజనాలు గుర్తుకు వస్తాయి. వేడివేడి అన్నంలో నల్లని చిక్కని చారు, దానిమీద గరిటెడు వెన్నమీగడ. నగరాల్లోని హోటళ్ళవారు దాన్ని బిర్యానీలో కలిపి కొత్త వంటకాన్ని సృష్టించారు. 2014లో 'ఉలవచారు బిర్యానీ' అన్న పేరుతో ఏకంగా ఒక చలనచిత్రమే వచ్చింది. ఇప్పుడది సీసాల్లోనూ పొట్లాల్లోనూ సముద్రాలు దాటి పోతున్నది. ఇంతటి వైభవాన్ని సంపాదించుకున్న ఈ చారు మా పడమటి ప్రకాశంలో, అంటే మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమనున్న మెట్టపల్లెల్లో, ఏ పొయ్యిమీద ఎవరికోసం కాగేదో, మా ఇంట్లో నేటికీ ఎలా కాగుతున్నదో వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వంటల వ్యాసమనుకుని వచ్చినవారికి వంట విధానం కూడా దొరుకుతుంది. కాకపోతే దానికన్నా ముందు కొంచెం ఊరి సంగతి వినవలసి ఉంటుంది. పెద్దమనసుతో చదవగలరు.

తెలుగు పండితుణ్ణి కనుక మొదట మాట దగ్గర ఆగకుండా ముందుకు పోలేను. వంటింట్లోకి కూడా నిఘంటువు పట్టుకునే వస్తానని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంటుంది. ఉలవలకు సంస్కృతంలో కులత్థ అని పేరు. హిందీవారి కుల్థీ దానినుండి వచ్చినదే. తమిళులు కొళ్ళు అంటారు, కన్నడిగులు హురుళి అంటారు, మలయాళీలు ముతిర అంటారు. ఇక చారు సంగతి. సంస్కృతంలో చారు శబ్దానికి మనోహరమైనది అని అర్థం. చారుశీల, చారుమతి అనే పేర్లలో ఉన్నది అదే. మన అన్నంలోకి వచ్చే చారుకు దానితో చుట్టరికం లేదు. తమిళంలో చాఱు అంటే పిండితే దిగే రసం. కన్నడంలో సారు. మన చారు ఆ ఇంటి ఆడపడుచు. ఒకనాడు తరగతిలో ఈ విషయమే చెబుతుంటే వెనుక బెంచీ పిల్లవాడు లేచి, "అయితే చారుమతి అంటే చారు బాగా కాచే ఆమె కాదా సార్?" అని అడిగాడు. ఆ పూట పాఠం అక్కడితో ముగిసింది.

గింజలు ఉడికించి వంచిన నీటిని మావైపు కట్టు అంటాము. పప్పుకట్టు, ఉలవకట్టు. ఆయుర్వేదంలో దీనికి యూషం అని గంభీరమైన పేరున్నది. జ్వరం తగ్గి నీరసించినవారికి, శోధన చికిత్స పొందినవారికి మొదట గంజివంటి పేయ, తరువాత విలేపి, ఆ తరువాత యూషం ఇచ్చి క్రమంగా అన్నంలోకి తీసుకురావాలని ఆ శాస్త్రం చెబుతుంది. కులత్థయూషం ఉష్ణవీర్యం, కఫవాతహరం అని వైద్యుల మాట. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఈ శ్లోకాలేవీ చదువుకోలేదు. జలుబు చేసినవాడికీ, బాలింతకూ, పండ్లూడిన ముసలివాళ్ళకూ ఉలవకట్టు పొయ్యిమీద పెట్టడం మాత్రం వారికి తెలుసు.

ఇప్పుడు నేల సంగతి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అందుకే మా మాటలోనూ తిండిలోనూ సీమ వాసన ఎక్కువ. ఒకవైపు నల్లమల కొండలు, మరొకవైపు వెలిగొండలు. మధ్యలో ఎర్రచెలకలు, గరపనేలలు, పలకరాయి దొరికే భూములు. కంభం చెరువు క్రింది ఆయకట్టువంటి కొద్దిచోట్లను మినహాయిస్తే మిగిలినదంతా ఆకాశంవైపు చూసే వ్యవసాయం. ఇటువంటి నేలకు ఉలవ దేవుడిచ్చిన పైరు. తొలకరి మోసం చేసి, వేసిన పంట ఎండిపోయి, రైతు చేతులు ముడుచుకున్నాక కూడా ఉత్తర, హస్త కార్తెల్లో ఒక పదును దొరికితే ఉలవలు చల్లుకోవచ్చు. ఎరువు అడగదు, నీరు అడగదు. మంచు తాగి పెరుగుతుందని మా నాయన అనేవాడు. గింజ ఇంటికి, పొట్టు పశువులకు.

ఇది మనకు నిన్న మొన్న అలవాటైన గింజ కాదు. బళ్ళారి దగ్గరి సంగనకల్లు మొదలైన నవీన శిలాయుగపు ఊళ్ళను త్రవ్వినప్పుడు బూడిదలో మాడిన ఉలవగింజలు దొరికాయి. దాదాపు నాలుగువేల సంవత్సరాల నాడే దక్కనులోని ఈ పొడినేలల మనిషి పశువులను మేపుతూ ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించుకుని తిన్నాడని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పశువు, ఉలవ, మనిషి ఈ ముగ్గురి సహవాసం అంత పాతది.

ఆంగ్లేయులు ఈ గింజకు గుర్రపు గింజ అనే అర్థంలో హార్స్ గ్రామ్ అని పేరు పెట్టారు. గుర్రాలకు గుగ్గిళ్ళు పెట్టడం చూసి పెట్టిన పేరది. మా ఊళ్ళో గుర్రాలు లేవు. ఎద్దులుండేవి. మావి ఒక జత ఎడ్లు. ఏరువాక పున్నమికి ముందునుంచీ, తిరిగి ఉలవలు, జొన్నలు చల్లే కార్తెల్లోనూ వాటికి పని ఎక్కువ కనుక దాణా పెంచేవారు. గొడ్ల కొట్టం ప్రక్కన మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద ఎత్తైన నల్లని కుండ. సాయంత్రం నానబోసిన ఉలవలు రాత్రి రెండో ఝాము దాటాక పొయ్యి ఎక్కేవి. కందికట్టె నెమ్మదిగా మండుతుంటే తెల్లవారేసరికి గింజలు పగిలి, నీరు తుమ్మజిగురు రంగుకు తిరిగేది. చలికాలంలో మేము పిల్లలం ఆ పొయ్యి చుట్టూ చేరి అరచేతులు కాచుకుంటూ, కుండలో నుంచి వచ్చే ఆ మట్టివాసన వంటి కమ్మని వాసనను పీల్చుతూ కూర్చునేవాళ్ళం.

ఆ కుండలో ఉన్నది ఎద్దుల తిండి. ఈ విషయంలో మా ఇంట్లో ఎవరికీ సందేహం ఉండేది కాదు. గింజలు ఎద్దులవి, పైన తేరిన కట్టు మనుషులది. మా అమ్మ కుండ మూతికి చిక్కం కట్టి కట్టును వంచుకుని లోపలికి తీసుకుపోయేది. మా నాయన గింజలలో తవుడు కలిపి, చేత్తో వేడి చూసి, ఎద్దుల ముందు తొట్టిలో పెట్టేవాడు. ఒకనాడు నేను గుప్పెడు ఉలవలు జేబులో వేసుకుని బడికి బయలుదేరుతుంటే నాయన చూశాడు. కోప్పడలేదు. "ఈ పొద్దు మడక నువ్వు లాగుతావా నాయనా?" అని మాత్రం అడిగాడు. గుగ్గిళ్ళు కావాలంటే అమ్మ మరొకనాడు వేరే సట్టిలో ఉడికించి ఇచ్చేది. కొట్టంలోని కుండలో గింజ జోలికి మాత్రం పోకూడదు.

ఇందులో కేవలం ధర్మమే కాదు, లెక్క కూడా ఉన్నదని తరువాత తెలిసింది. నూరు గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అందులో ఎక్కువభాగం ఎంత ఉడికించినా గింజలోనే నిలుస్తుంది. కట్టులోకి దిగేది కొంత సారం, కొంత రుచి, చాలా వాసన. అంటే పొలంలో బరువు లాగేవాడికి బలం, ఇంట్లో సంగటి ముద్ద గొంతు దిగడానికి రుచి. ఎవరికి ఏది అవసరమో వారికది. ఈ రోజున హోటలులో వెండిగిన్నెలో వడ్డించే ఉలవచారు ఆనాడు ఎద్దుల దాణానుండి మేము పుచ్చుకున్న వాటా. పప్పు కొనలేని సంవత్సరాల్లో మా ఇంటి జొన్న సంగటికి తోడు అదొక్కటే. కరువు రోజుల్లో ఎద్దు మాకు అన్నం పెట్టిందంటే అది అలంకారం కోసం చెప్పే మాట కాదని మనవి.

ఇక ఈ చారుకు ప్రాణమైనది మరొకటున్నది. నీళ్ళు.

"ఆ ఊరి నీళ్ళలో పప్పుడకదు" అనే మాట మాప్రాంతంలో తరచుగా వినబడుతుంది. పిల్లనిచ్చేటప్పుడు కూడా పెద్దవాళ్ళు ఈ విషయం విచారించేవారు. మా ఊరికి నాలుగు బావులుంటే నాలుగింటికీ నాలుగు గుణాలు. ఒకటి స్నానానికి, ఒకటి పశువులకు, ఒకటి త్రాగడానికి. పప్పుడికే నీళ్ళు ఊరిబయట చెరువుకట్ట క్రింది దిగుడుబావిలో మాత్రమే. ఆడవాళ్ళు బిందెలు చంకనబెట్టుకుని అంతదూరం నడిచేది త్రాగునీటికోసమేనని మగవాళ్ళు అనుకునేవారు. నిజానికి సగం నడక పప్పుకోసం. నీటిలో సున్నము, మెగ్నీషియము లవణాలు ఎక్కువైతే అవి గింజ గోడలలోని పెక్టిన్ అనే పదార్థాన్ని పట్టుకుని బిగించేస్తాయి. అప్పుడు ఎన్ని గంటలు ఉడికించినా గింజ మెత్తబడదు, కట్టులోకి సారం దిగదు. కొందరు సోడా ఉప్పు వేస్తారు. గింజ మెత్తబడే మాట నిజమే, కాని రుచి చెడుతుంది, బి1 విటమిను నశిస్తుంది.

మా నీటికి అంతకన్న పెద్ద జబ్బు ఒకటున్నది. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించిన మొదటి శాస్త్రీయ నివేదిక 1937లో, ఆనాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి వెలువడింది. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. మాకు తూర్పున ఉన్న ఇరుగుపొరుగువి అవి. మా మండలాల బోరుబావులు లోతు పెరిగినకొద్దీ ఆ ఫ్లోరైడు మా గడపలోకీ వచ్చింది. ముప్పయ్యేళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. పద్యం అప్పజెప్పమంటే చేయి అడ్డం పెట్టుకుని అప్పజెప్పే పిల్లలను చూశాను. పండ్లమీద గోధుమరంగు చారలు కనబడకూడదని. నలభై ఏళ్ళకే నడుము వంగి, మెడ తిప్పలేక మనిషే తిరిగే తల్లిదండ్రులనూ చూశాను.

మరిగిస్తే ఏ నీరైనా శుద్ధమవుతుందని చాలామంది నమ్మకం. ఫ్లోరైడు విషయంలో అది తలక్రిందులు. మరిగించినకొద్దీ నీరు ఆవిరై, ఫ్లోరైడు అడుగున మిగిలి మరింత చిక్కబడుతుంది. నాలుగు లీటర్లను లీటరున్నరకు దింపే ఉలవచారుకు ఈ సంగతి ఎంత ముఖ్యమో చదువరులు గ్రహించగలరు. నీరు మంచిదైతే చారు బలం. నీరు చెడ్డదైతే ఆ చెడ్డను చిక్కగా కాచుకుని త్రాగినట్టు. మా అమ్మకు ఫ్లోరైడు పేరు తెలియదు. కాని, "కాగేకొద్దీ నీళ్ళ బుద్ధి బయటపడుతుంది" అంటుండేది. అందుకే కట్టు కాయడానికి దిగుడుబావి నీరో, కంచుబిందెలో పట్టిన వాననీరో తప్ప మరొకటి వాడేది కాదు.

కాలం మారింది. మా నాయన చివరి జత ఎడ్లను అమ్మి ఇరవై ఏళ్ళు దాటింది. ట్రాక్టరు గంటలో దున్నే చేనికి ఏడాది పొడుగునా రెండు నోళ్ళను పోషించడం ఏ రైతుకూ సాగలేదు. కొట్టం కూలింది, ఆ స్థలంలో మోటారు సైకిలు నిలుస్తున్నది. దిగుడుబావి పూడిపోయింది. కృష్ణ వరదనీటిని శ్రీశైలం జలాశయంనుండి నల్లమల క్రిందుగా మావైపు మళ్ళించే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, జంట సొరంగాల తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. ఈలోగా ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాను వచ్చింది. ప్లాంటునీళ్ళు అంటారు మావాళ్ళు. వడపోతలో లవణాలు పోతాయి కనుక ఆ నీటిలో పప్పు మాత్రం చక్కగా ఉడుకుతుంది. ఆ మేలు ఒప్పుకోవాలి.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మొన్నటి మార్గశిరంలో మా అమ్మకు జ్వరం వచ్చింది. తొంభైకి దగ్గరపడిన శరీరం. వారం రోజులకు జ్వరం దిగింది కాని, నోటికి ఏదీ సహించలేదు. శాస్త్రంలో అరోచకం అంటారే, అది. గంజి వద్దంది, పాలు వద్దంది, బ్రెడ్డు చూసి మొగం త్రిప్పుకుంది. డాక్టరుగారు వచ్చి చూసి, "రోగమేమీ మిగలలేదు మాష్టారూ, ఆమె తింటే లేస్తుంది, తినకపోతే మందులు ఏమీ చేయవు. ఏది అడిగితే అది పెట్టండి" అని వెళ్ళారు. ఆమె ఏదీ అడగడంలేదు, అదే మా బాధ. బెంగుళూరునుండి అబ్బాయి, కోడలు, మనవరాలు దిగారు. ఎవరూ బయటికి అనకపోయినా అందరి మనసులో ఉన్న మాట ఒకటే. ఐదవ రోజు సాయంత్రం నేను ఉలవలు చేటలో పోసుకుని కూర్చున్నాను.

పదవీ విరమణ చేసినవాడికి తగిన వంట ఇది. గంటలతరబడి పొయ్యి దగ్గర కూర్చోవడమే ఇందులోని పెద్ద విద్య. మా ఇంట కట్టు కాయడం చాలాకాలంగా నా వంతు, తాలింపు మా ఆవిడ వంతు. విధానం ఇది.

అరకిలో ఉలవలు తీసుకోవాలి. మట్టిబెడ్డలు, రాళ్ళు అచ్చం ఉలవ రంగులోనే ఉంటాయి కనుక చేటలో చెరిగి, ఏరి, తరువాత నీళ్ళలో గాలించాలి. రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి నాలుగు లీటర్ల మంచినీళ్ళతో మట్టికుండలోగాని మందపాటి గిన్నెలోగాని పొయ్యిమీద పెట్టాలి. ఒక పొంగు రాగానే నురుగు తీసివేసి, మంట తగ్గించి, మూత ఓరగా ఉంచి, మూడు గంటలు కదలకుండా ఉడకనివ్వాలి. ఈ దశలో ఉప్పు, చింతపండు వేయరాదు. పులుపు తగిలితే గింజ మెత్తబడక మొండికేస్తుంది. ఒక గింజను బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ నొక్కితే వెన్నలాగా అణగాలి. అప్పుడు కట్టును వంచుకోవాలి. లీటరున్నర దాకా వస్తుంది.

గుప్పెడు గింజలు మాత్రం తీసి రోట్లో మెత్తగా రుబ్బి కట్టులో కలపాలి. చిక్కదనానికి అంతకన్న మరేమీ అక్కరలేదు. పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, నిలువుగా కోసిన రెండు ఉల్లిపాయలు, నాలుగు చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు, చెంచాడు కారం, ధనియాలు జీలకర్ర వేయించి కొట్టిన పొడి, రాళ్ళ ఉప్పు, ఉసిరికాయంత బెల్లం వేసి మరొక ముప్పావు గంట సన్నని సెగమీద మరగనివ్వాలి. గరిటె వీపున పలుచగా అంటుకుంటే దించవచ్చు. చివరన నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, చితగ్గొట్టిన వెల్లుల్లి, కరివేపాకు తాలింపు. ఉలవ వేడి చేస్తుంది కనుక వడ్డించేటప్పుడు మీగడో, వెన్నో, ఏదీ లేకపోతే మజ్జిగో తోడు ఉండాలి. కుక్కరు వాడేవారు నానిన ఉలవలకు పది కూతలు రానిచ్చి కట్టు తీసుకోవచ్చు. రుచిలో కొంత తేడా ఉంటుంది, ఉద్యోగాలవారిని నిర్బంధించలేము.

అమ్మకోసం ఆరోజు కారం సగం తగ్గించి, జొన్నసంగటిని జావకు కొంచెం గట్టిగా చేయించి, చిన్న కంచుగిన్నెలో చారు పోసి మంచం దగ్గరికి తీసుకువెళ్ళాను. అబ్బాయి వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టాడు. అమ్మ గిన్నెను చేతిలోకి తీసుకోలేదు. ముక్కు దగ్గర పెట్టమని సైగ చేసి వాసన చూసింది. ఐదు రోజులలో మొదటిసారి తనంతట తాను నోరు విప్పింది.

"ఏం నీళ్ళు పోసినావు నాయనా?"

"ప్లాంటునీళ్ళమ్మా."

"అవి ఏ బాయివి?"

బావి కాదని, లోతైన బోరు నీటిని యంత్రంలో వడపోస్తారని చెప్పాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఒక గింజ తెమ్మంది. తెచ్చి చేతిలో పెట్టాను. వణికే వ్రేళ్ళతోనే నొక్కి చూసింది. అణగింది. నీళ్ళకు మార్కులు పడ్డాయని నేను సంతోషిస్తుండగా రెండవ ప్రశ్న వచ్చింది.

"కట్టు వంచినాక ఉలవలు ఏం జేసినావు?"

ఇంట్లో అందరం ఆమెవైపే చూస్తున్నాము. ఎద్దులు అమ్మిన సంగతి ఆమెకు తెలియనిది కాదు, అమ్మిన రోజున పసుపు కుంకుమ పెట్టి సాగనంపింది ఆమే. అయినా అడిగింది. అంతలో మా మనవరాలు ముందుకు వచ్చింది. కట్టు వంచగానే గింజలను చల్లార్చి, తవుడు కలిపి, ఆ పిల్లను తోడు తీసుకుని నేను వెనుకవీధిలో గేదెలున్న వారింటికి తీసుకువెళ్ళి ఉన్నాను.

"బర్రెకు పెట్టినాం పెద్దవ్వా. బక్కెట్టు మొత్తం తినింది. నాలుకతో నా చేయి కూడా నాకింది" అన్నది ఎనిమిదేళ్ళ బెంగుళూరు పిల్ల, రెండు రోజుల్లో పట్టుబడిన మా యాసలో.

అమ్మ ఆ పిల్ల చేతిని పట్టుకుని చూసింది. తరువాత నోరు తెరిచింది. నేను చెంచాతో పోశాను. ఒకటి, రెండు, మూడు. నాలుగవ చెంచాకు సంగటి కలపమంది. "ఉప్పు ఒక పలుకు తక్కువైంది" అని కూడా అన్నది. ఉప్పు సంగతి ఎత్తినదంటే నోటికి రుచి తిరిగినట్లే కదా. మా ఆవిడ కొంగు మొగానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆరోజు అమ్మ తిన్నది చిన్న గిన్నెలో సగమే. మరునాడు గిన్నెడు. పక్షం రోజులకు వసారాలోకి వచ్చి ఎండలో కూర్చున్నది.

ఉలవచారు ఆమెను బ్రతికించిందని నేను అనను. మందులు ఇచ్చిన డాక్టరుగారికి, దేహంలో మిగిలిన ఆయుర్దాయానికి దక్కవలసిన పేరు వాటికి దక్కాలి. నేను ఆలోచించినది ఆ రెండవ ప్రశ్నను గురించి. ఆకలి చచ్చిన మనిషి, తాను తినబోయేముందు, ఆ కుండలో వాటా ఉన్న రెండవ ప్రాణి తిన్నదా లేదా అని విచారించింది. కట్టు మనిషిది, గింజ పశువుది అన్న పంపకం ఆమె మనసులో ఏ మాత్రమూ చెరగలేదు. పశువుకు అందకపోతే ఆ చారు ఆమె దృష్టిలో చారు కాదు. ఒకరి తిండిని పాడుచేసి తీసిన నీరు.

ఈ మాట నాకొక చిక్కును తెచ్చిపెట్టింది. నేడు ఊరూరా ఇంత ఉలవచారు కాగుతున్నది కదా, ఆ గింజలన్నీ ఎక్కడికి పోతున్నాయి? ఎద్దులున్నప్పుడు ఈ ప్రశ్న పుట్టనే లేదు. ఇప్పుడు ఎద్దు వెళ్ళిపోయింది, దాని వాటాలోనుండి పుచ్చుకున్న రుచి మాత్రం మనదగ్గర మిగిలింది. గింజలను తామే గుగ్గిళ్ళుగా తాలింపు పెట్టుకుని తినేవారున్నారు, అది ఉత్తమం. రుబ్బి వడలు వేసేవారున్నారు. ఇరుకు ఇళ్ళలో ఉంటూ చెత్తబుట్టలో వేయకతప్పని నగరవాసులూ ఉంటారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది వ్రాయడంలేదు. బలమైన గింజను అలా పారవేస్తున్నామని గుర్తుచేయడానికి మాత్రమే.

మా ఇంట్లో ఇప్పుడొక ఏర్పాటు కుదిరింది. నెలకు రెండుసార్లు కుండ పొయ్యి ఎక్కుతుంది. గింజలు వెనుకవీధి గేదెకు పోతాయి. మొదటిసారి బక్కెట్టు తీసుకుపోయినప్పుడు ఆ ఇంటాయన, "మీకెందుకయ్యవారూ ఈ శ్రమ" అని మొహమాటపడ్డాడు. రెండవసారి బక్కెట్టు తిరిగివచ్చినప్పుడు అందులో ఒక గిన్నె ఉన్నది, గిన్నెలో అరచేతి మందాన మీగడ. అప్పటినుండీ అదే వరుస. గింజ వెళ్తుంది, మీగడ వస్తుంది. చారుమీద మీగడ వేసుకోవడం కోస్తావారి విలాసమని నేను ఇన్నాళ్ళూ తేలికగా మాట్లాడేవాణ్ణి. పశువు తన వాటా తిన్నాక చెల్లించే బదులని ఇప్పుడు తోస్తున్నది. బెంగుళూరులో మనవరాలు ఫోను చేసినప్పుడల్లా ముందుగా అడిగేది ఆ బర్రెను గురించే. పెద్దవ్వ యోగక్షేమాలు దాని తరువాత.

మీ మీ ప్రాంతాల్లో ఉలవకట్టు ఎలా కాస్తారో, ఏ నీళ్ళు పోస్తారో, వంచిన తరువాత గింజలకు ఏ దారి చూపుతారో తెలియజేస్తే మా అమ్మకు చదివి వినిపిస్తాను. ఈమధ్య ఆమెకు చెవి కాస్త తగ్గింది. వంటల సంగతులైతే మాత్రం ఒక్క మాట జారనివ్వదు.

స్వస్తి.